ఎవరూ కట్టని చీరలు

మా మేనత్త పోయింది. పోయిన కార్తీకంలో, ఒక మంగళవారం పొద్దున. బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు పోతున్నారు. ఫోన్ మోగింది. కోడేరు నుంచి, అత్త పక్కింటామె, మేమంతా చాచీ అని పిలుస్తాం. ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నా పిల్లల బాగోగులు అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

"సారూ, మీ అత్త లేదు. పొద్దుగాల లేచి వాకిలి ఊడ్చింది. కడప కాడ కూసుంది. జర కండ్లు తిరుగుతున్నయన్నది. నేను నీళ్లు తెచ్చేసరికి గోడకు ఒరిగింది. ఆటో పిలిచినం గానీ దవాఖాన దాక పోయేదే లేకపాయె" అని చాచీ ఏడ్చింది.

వనపర్తి నుంచి కోడేరు బస్సులో కూర్చున్నంతసేపూ నాకు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. ఒక్క రోజు మంచాన పడలేదు. ఒక్క పూట ఎవరి చేతా గంజి తాగించుకోలేదు. బతికినన్నాళ్లూ ఎవరి చేయీ పట్టుకోని మనిషి, పోయేటప్పుడు కూడా అదే పంతం నెగ్గించుకుందని కోపం. ఊరు దగ్గరపడి, పీకేసిన పల్లి చేన్లు కనబడ్డాక గానీ కళ్లు తడవలేదు.

ఆమె మీలో ఎవరికీ తెలిసి ఉండదు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. అయినా నలుగురికీ చెప్పాలని ఎందుకు అనిపించిందో దాచుకోకుండా చెప్తాను. నేను సర్కారు బడిలో సారును. నెల తిరగ్గానే జీతం పడుతుంది. ఇరవయ్యో తారీఖు దాటిందంటే జేబులు తడుముకుంటాను. బండికి వాయిదా, ఫ్రిజ్‌కు వాయిదా, పెద్ద టీవీకి వాయిదా. మా అత్తకు ఉన్నది కౌలుకిచ్చిన రెండెకరాల చెలక, సర్కారు ఇచ్చే పింఛను, బొంతలు కుట్టే చేయి. కౌలు కింద వచ్చే పల్లీలూ జొన్నలూ తిండికి, మిగిలినవి పై ఖర్చులకు. మామ చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, నాకు మరదలు, ఇటిక్యాలలో కాపురం. ఆ ఒక్క అర్ర ఇంట్లో ముప్ఫై ఏళ్లకు పైగా అత్త ఒంటరిగా బతికింది. ఆ ఇంట్లో "లేదు" అనే మాట నేనెన్నడూ వినలేదు. మా ఇంట్లో రోజుకు పదిసార్లు వింటాను.

బొంత అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పాత చీరలు నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, అంచు దగ్గర మొదలుపెట్టి వరస వెంట వరస లోపలికి కుట్టుకుంటూ పోవాలి. కుట్టు కుట్టుకూ మధ్య గోరంత ఎడం. గద్వాల అవతల దాన్నే కౌది అంటారు. మంచి బొంతకు పది రోజులు పడుతుంది. చలికి కప్పుకోవచ్చు, ఎండాకాలం పరుచుకోవచ్చు. పసిపిల్లల కింద వేయడానికి అంతకన్న మెత్తనిది లేదు.

అత్త గుడ్డ కొనేది కాదు. ఎవరి బొంతకు వాళ్లే చీరలు తెచ్చుకోవాలి. చీర చేతికి రాగానే ఆమె అడిగే మాట ఒకటే. "ఇది ఎవరు కట్టింది?" ఆ జవాబును బట్టి ఏ పొరలో ఏది పడాలో తేలుతుంది. పసిపిల్లకైతే తల్లి చీర ఒంటికి తగిలే పక్కన వేస్తుంది. గట్టి అంచు చీర నేలకు తగిలే పక్కన. అత్తా కోడళ్లవి కలిపి వస్తే రెంటి మధ్యా ఒక లుంగీ ముక్క వేసేది. "నడుమ ఒకరుంటే ఇద్దరు మంచిగుంటరు" అని నవ్వేది.

పొదుపు అంటే మనకు పిసినారితనమే గుర్తొస్తుంది. మా అత్తను చూసినవాళ్లకు ఆ రెండూ వేరని తెలిసేది. పొద్దున వాకిట్లో వెలుతురు పడే చోట కూర్చుని కుట్టేది. మధ్యాహ్నం ఎండ తిరిగితే బొంతను ఈడ్చుకుంటూ పెరటి గుమ్మానికి పోయేది. పొద్దు వాలగానే సూది పక్కన పెట్టేది. లైటు కింద కుట్టమంటే వినదు. "పగలంతా ఊకెనే వెలుగొస్తుంటే మల్ల కరెంటుకెందుకు పని చెప్పాలె?" అనేది. సబ్బు అరిగి చిన్నదైతే కొత్త సబ్బు వీపుకు అతికించేది. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని తెలిసిన కొత్తలో ఊళ్లో అందరూ యాత్రలకు బయలుదేరారు. నేనూ ఫోన్ చేసి ఎక్కడికైనా పోయి రమ్మన్నాను. "పైసలడగనంత మాత్రాన బస్సెక్కాల్నా? నాకు యాడ పనుంది?" అంది. కూతురింటికి పోవడానికి మాత్రం ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి బొడ్లో దోపుకునేది.

తనకోసం చాయ్ పెట్టుకునేది కాదు. అలవాటైతే నాలుక రేపు కూడా అడుగుతుందట. నేను పోతే మాత్రం చాచీ ఇంటి నుంచి పాలు తెచ్చి, చిక్కగా, నిండు గ్లాసు పోసేది. నాకెందుకత్తా ఇన్ని పాలు అంటే ఉరిమి చూసేది.

"తక్కువజేసుకుంటే నా దాంట్ల చేసుకుంట. వచ్చినోల మీద చేస్తనా?"

పాలకు బదులు చాచీ ఇంటికి గిన్నెడు పల్లీలు పోయేవి. పల్లీలకు బదులు రంజాన్‌కు సేమియా వచ్చేది. సేమియాకు బదులు చాచీ మనవడికి చిన్న బొంత. ఈ రాకపోకల్లో ఎవరిది ఎక్కువో వాళ్లిద్దరికీ తెలియదు, పట్టదు కూడా. నేను చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఆమె దగ్గరే గడిపాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, రోట్లో నూరిన తొక్కు. సెలవులన్నీ అదే తిన్నా విసుగు రాలేదు. ఈ రోజు మా ఇంట్లో మూడు కూరలున్నా నాకు ఏదో ఒకటి నచ్చదు. అత్త ముందు ఆ మాట అన్నాను ఒకసారి. "ఆకలైనంక తిను, నచ్చుతది" అంది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా ఆమె గురించి ఎంత మంచి రాసినా అది సగమే అవుతుంది.

నాలుగైదేళ్లుగా అత్తకు పని తగ్గింది. బండ్ల మీద మెత్తని రంగురంగుల దుప్పట్లు వాకిళ్లలోకే వచ్చి అమ్ముతున్నారు. పాత చీరలిస్తే ప్లాస్టిక్ బకెట్లిచ్చే వాళ్లొచ్చారు. నెలకు మూడు బొంతలు కుట్టే ఆమెకు మూడు నెలలకొకటి రావడమే గగనమైంది. నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న పోతూ పోతూ నాకు చెప్పింది ఒక్కటే, అక్కను చూసుకోమని. డబ్బు చేతిలో పెడితే తిరిగి నా జేబులో పెట్టింది.

"నాకు చాలదని నీకెవరు చెప్పిర్రు?"

"ఎవరు చెప్పాలత్తా, నాకు కనబడతలేదా?"

"నీకు కనబడేది నీ భయం, అల్లుడా. నా గుమ్మిల జొన్నలున్నయి, చూసి పో."

చూశాను. ఉన్నాయి. అయినా నాకు నమ్మకం కుదరలేదు. వనపర్తికి వచ్చి మా ఇంట్లో ఉండమన్నాను. బతిమాలితే వచ్చింది, నాలుగు రోజులుంది. మేం గదిలోంచి బయటికి రాగానే వెనకే ఫ్యాన్లు బందు చేసుకుంటూ తిరిగింది. మా ఆవిడ లేవకముందే అంట్లు తోమేసింది. కారుతున్న నల్లాకు గుడ్డపీలిక చుట్టింది. అయిదో రోజు పొద్దున సంచి సర్దుకుంది. "మీ ఇంట్ల అన్నీ ఉన్నయి. నాకే పని లేదు. పోత" అంది. బస్టాండు దాకా నేను గొణుగుతూనే ఉన్నాను. ఆమె బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని హాయిగా బయటికి చూస్తోంది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. డబ్బు ఇస్తే తీసుకోదు, పని ఇస్తే తీసుకుంటుంది కదా! మొదట మా బడిలో టీచర్లను అడిగి పాత చీరలు తెచ్చాను. ఇద్దరు నిజంగానే బొంతలు కావాలన్నారు, కుట్టుకూలి వాళ్లే ఇచ్చారు. అత్త ముఖం వెలిగిపోయింది. రెండు బొంతలతో వాళ్లు చాలించారు. నేను చాలించలేదు. వనపర్తి బజారులో చవకరకం నూలు చీరలు కొన్నాను. వాటిని పాతవి చేయాలి కదా. మిద్దె మీద సోడా వేసి నానబెట్టి, బండకు బాది, ఎండలో ఆరేసి, మళ్లీ నానబెట్టాను. వారం రోజులు అదే పని. పక్క మిద్దె మీది వాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు.

"అత్తకు తెలిస్తే ఏమంటదో ఆలోచించినవా?" అంది మా ఆవిడ.

"ఎట్ల తెలుస్తది?" అన్నాను. నాకు అంత ధీమా.

హెడ్మాస్టరు గారి తల్లి చీరలని ఒకసారి, ఇంకో సారు వాళ్ల పెద్దమ్మవని ఒకసారి చెప్పి ఇచ్చాను. కుట్టుకూలి నా జేబులోంచి ఇచ్చి, వాళ్లు ఇచ్చారన్నాను. ఆ వానాకాలంలో అయిదు బొంతలు అలా కుట్టించాను. అయిదూ మా ఇంటి సజ్జ మీదికి చేరాయి. నిజం చెప్పొద్దూ, నా తెలివికి నేనే మురిసిపోయాను. మా నాన్న మాట నిలబెట్టానని నలుగురు స్నేహితులకు చెప్పుకున్నాను కూడా.

దసరా తర్వాత ఒక ఆదివారం పోయేసరికి, ఆరో బొంతకని ఇచ్చిన చీరలు అత్త వాకిట్లో పరిచి ఉన్నాయి. ఒక్క కుట్టూ పడలేదు. ఆమె వాటి పక్కన కూర్చుని ఉంది. చాయ్ పెట్టడానికి లేవలేదు.

"ఈ చీరె కట్టినామె పొడుగుంటదా, పొట్టిగుంటదా?" అని అడిగింది.

నేను తడుముకోకుండా "పొట్టిగుంటదత్తా" అన్నాను.

"పొట్టిదైతే కింది అంచు నేలకు రాస్తది. మడిమల కాడ పోగులు లేస్తయి. యాడ లేసినయి, చూపియ్యి."

నేను వంగి చూశాను. అంచు నిక్షేపంలా ఉంది.

"కుచ్చెళ్లు దోపే కాడ చీరె పలుచనైతది. బిందె సంకనెత్తుకునే పక్కన అరుగుతది. కొంగు మూతి తుడిచి తుడిచి మెత్తబడతది. ఇన్నేండ్ల సంది ఈ చేతుల మీదికెల్లి ఎన్ని చీరెలు పోయినయో నీకు తెల్వదు. ఇది ఈ మూల నుంచి ఆ మూల దాక ఒక్క తీరుగ వెలిసింది. దీన్ని ఎవరూ కట్టలె అల్లుడా. ఉతికిండ్రు, గంతే. ఉతికినోనికి పిండుడు కూడ రాదు."

ఆ చివరి మాటకు నవ్వొచ్చేదే. నవ్వలేకపోయాను. తల వంచుకుని అంతా ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. చాలాసేపు ఆ చీర మీద చేత్తో రాస్తూ ఉండిపోయింది.

"మరి నేను కుట్టిన బొంతలు యాడున్నయి?"

"మా ఇంట్ల. సజ్జ మీద."

"అయిదూ?"

"అయిదూ."

"అయితే ఒక్కదాన్నీ ఎవరూ కప్పుకోలె."

అత్త గొంతు అప్పుడు వణికింది. ఆమె గొంతు వణకడం నా జన్మలో అదే మొదలు. మామ పోయినప్పుడు కూడా నేను వినలేదు.

"చలికాలం వస్తుంది, ఆ ముసలమ్మ కాళ్లకు చాలాలె అని జానెడు పొడుగు ఎక్కువ కుట్టిన. ఏ ముసలమ్మకు? పని ఇచ్చినవనుకున్న అల్లుడా. పని కాదు, ఏడ్చే పిల్లకు బొమ్మ ఇచ్చినట్టు ఇచ్చినవు. పైసలియ్యి, మొఖం మీద వెనక్కిస్త. గిట్ల ఇస్తే నేనేం వెనక్కియ్యాలె? అయిదు బొంతల కుట్లు విప్పి ఇయ్యాల్నా?"

చీరలు మడిచి నా సంచిలో పెట్టింది. ఆ రోజు ఆమె ఇంట్లో నేను మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాను.

ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నేను పోతే ఇంట్లో ఉండేది కాదు. విత్తనానికి పల్లికాయ ఒలిచే పనికి పోతోందని చాచీ చెప్పింది. పొద్దంతా ఒలిస్తే బొటనవేళ్లు పగులుతాయి. ఆ వయసులో నా వల్లే ఆ పనికి పోయిందని నేను కుమిలిపోయాను. ఆమె ఒంటరిగా తన కాళ్ల మీద తాను బతుకుతున్న బతుకుకు నేను దొంగ కర్ర ఊతం పెట్టబోయాను. అది విరిగేసరికి నాకూ ఆమెకూ మధ్య ఉన్నది కూడా విరిగిందనుకున్నాను. ఇంక ఆ వాకిట్లో నాకు చాయ్ లేదు.

సజ్జ మీద ఆ అయిదు బొంతలూ నన్ను చూస్తున్నట్టే ఉండేవి. ఒక రోజు దించాను. రెండు మా పిల్లల మంచాల మీద వేశాం. కొన్న దుప్పట్లు మూటగట్టాం. మిగిలినవి మూడు. మా బడి వెనక కొత్త గదులు కడుతున్నారు. బల్మూర్ నుంచి వచ్చిన కూలీలు అక్కడే రేకుల షెడ్లలో ఉంటున్నారు. చలి బాగా ఉంది. తీసుకుపోయి ఇచ్చాను. వాళ్లలో ఒకామెకు రెండేళ్ల కూతురుంది. మర్నాడు ఆమె బడి గేటు దగ్గర నిలబడి ఉంది.

"సారూ, గిది ఎవరు కుట్టిర్రు? మా అత్తవి, నావి పాత చీరెలున్నయి. కుట్టిచ్చుకుంటం. కూలెంతనో కనుక్కోని చెప్పు."

కనుక్కుని చెప్పలేదు. ఊరు పేరూ, ఇంటి గుర్తులూ చెప్పాను. "నువ్వే పోయి అడుగు, నా పేరు ఎత్తకు" అన్నాను. నేను చేసిందల్లా అంతే. ఆమె ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

నాలుగు నెలల తర్వాత అత్త నుంచి ఫోన్. పలకరింపు లేదు.

"గా బల్మూరు పిల్ల నా కాడికొచ్చింది. బడి కాడ నుంచి వచ్చిన్నంటే నిన్ను అడుగుతున్న. గీమెను కూడ నువ్వే తయారు చేసినవా?"

"లేదత్తా! ఒట్టు. నేను పైస ఇయ్యలె, చీర ఇయ్యలె."



"తెల్సులే. చీరె చూస్తే తెల్వదా. భుజం మీద ఇటుకలు మోసి మోసి కొంగు చిల్లులు పడ్డది. ఆదివారం వస్తవా?"

నేను ఆ ఆదివారం వరకూ ఆగలేకపోయాను. శనివారమే పోయాను. తిట్టింది. చాయ్ పెట్టింది.

అప్పటి నుంచి బల్మూర్ వైపు నుంచి నెలకు ఒకటో రెండో బొంతలు వచ్చేవి. ఆమె చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు. అత్త పల్లికాయ ఒలిచే పని మానేసింది. ఎండాకాలం మొదట్లో ఒక రోజు నేను బయలుదేరుతుంటే ఆగమంది. లోపలికి పోయి గుడ్డ ముక్కలో గుచ్చిన సూదులు, తెల్లదారం ఉండ తెచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండో కంట్లో పొర ఇంకా ముదరలేదని డాక్టరు ఆగమన్నాడు. కుట్టు పడుతోంది గానీ సూదిలోకి దారం ఎక్కడం లేదు. చాచీకీ అంతంత చూపే.

"వారానికి సరిపోను దారం ఎక్కిచ్చి పో. ఇది అడుగుతున్న నిన్ను" అంది. అడగడం ఆమెకు ఎంత కష్టమో ఆమె నా వైపు చూడకపోవడంలోనే తెలిసింది.

నేను ఉత్సాహం కొద్దీ బారెడు బారెడు దారం ఎక్కించాను. అన్నీ తీసేయించింది. "గంత పొడుగు పెడితే ముడి పడతది. మూరెడు చాలు. అయిపోతే ఇంకో సూది తీసుకుంట. తక్కువ పెట్టుకో, ఎక్కువ సార్లు పెట్టుకో" అంది. ఆదివారం ఆదివారం పోయి ఆ గుడ్డ ముక్క నిండా సూదులు సిద్ధం చేసి వచ్చేవాణ్ని. నేను ఆమెకు ఇవ్వాలనుకున్నవాటిలో ఆమె తీసుకున్నది ఇదొక్కటే. ఇంత తక్కువా అని మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత తర్వాత వారమంతా ఆ గంట కోసం ఎదురుచూసేవాణ్ని. ఆ ఆదివారాల వల్లనో ఏమో, నేను కూడా పెద్ద టీవీ వాయిదాలు అయిపోయాక కొత్త వాయిదా ఏదీ మొదలుపెట్టలేదు. అత్తకు చెప్తే గొప్పగా మెచ్చుకుంటుందనుకున్నాను. "మంచిగైంది. ఇంగ నల్లా బాగు చేయించు" అంది.

ఆమె పోయిన నాలుగో రోజు. ఇటిక్యాల నుంచి వచ్చిన మరదలు, నేను ఇల్లు సర్దుతున్నాం. సర్దడానికి పెద్దగా ఏముంది? నాలుగు గిన్నెలు, గుమ్మిలో జొన్నలు, దండెం మీద మూడు చీరలు. గోడవారగా సగం మడిచిన బొంత ఒకటుంది. మూడు వైపులా కుట్టు పూర్తయింది. నాలుగో వైపు జానెడున్నర మిగిలింది. అది ఎవరిదో మాకు తెలియదు.

మధ్యాహ్నం వేళ ఆ బల్మూర్ ఆమె వచ్చింది. చంకలో కూతురుంది. అత్త ఆ రోజు రమ్మని చెప్పిందట. వాకిట్లో మనుషుల్ని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చాచీ ఎదురుపోయి చెప్పింది. ఆమె అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, ఆ బొంతలో ఉన్నవి చనిపోయిన తన తల్లి చీరలనీ, బిడ్డ కోసం కుట్టమని ఇచ్చాననీ చెప్పింది.

"మిగిలింది ఉండనియ్యి సారూ. అట్లనే తీసుకపోత" అంది.

మరదలు కూడా ఇచ్చేయమంది. నాకు మనసొప్పలేదు. అత్త ఒప్పుకున్న పని. గడప దగ్గర వెలుతురుంది, అక్కడ పరిచాను. గుడ్డ ముక్కలో పోయిన ఆదివారం నేను దారం ఎక్కించిన సూదులు ఇంకా ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఒకటి తీసుకుని మొదలుపెట్టాను. నా జన్మలో గుండీ కూడా కుట్టలేదు. రెండు సార్లు వేలికి గుచ్చుకుంది. కుట్లు ఒకటి గోరంత, ఒకటి వేలంత పడ్డాయి. చాచీ పక్కన కూర్చుని, గుడ్డ లాగి పట్టుకుంది. మూడు సూదులు అయిపోయాయి. ఆ పిల్ల ఏవో ముచ్చట్లాడుతూనే ఉంది. అది బొంత మీదికెక్కి అటూ ఇటూ పొర్లింది.

పూర్తయ్యాక బల్మూర్ ఆమె బొడ్లోంచి కుట్టుకూలి తీసి మరదలి చేతిలో పెట్టబోయింది. మరదలు చేయి వెనక్కి తీసుకుంది. "వద్దక్కా, ఇట్లాంటప్పుడా? ఊకెనే తీసుకపో" అంది. ఆ డబ్బు చేతుల మధ్య ఆగిపోయింది. బల్మూర్ ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ముఖం నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను, ఇదే వాకిట్లో.

"తీసుకో" అన్నాను మరదలితో. "అత్త పని చేసింది. ఈమె పని చేసి తెచ్చింది. తీసుకో."

మరదలు తీసుకుంది. తీసుకుని కళ్లకద్దుకుంది. బల్మూర్ ఆమె అప్పుడు నిమ్మళంగా బొంత మడిచింది.

బస్సు దాకా నేనూ తోడు పోయాను. సాయంకాలమైంది, చలిగాలి మొదలైంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆ కిటికీకి అద్దం లేదు. పిల్ల ఒళ్లో నిద్రపోయింది. ఆమె బొంత విప్పి, ఇటు తిప్పి అటు తిప్పి చూసి, తల్లి చీర ఉన్న వైపు లోపలికి వచ్చేలా పిల్లకు కప్పింది. నేను కుట్టిన వంకర అంచు కిటికీ పక్కకు వచ్చింది. బస్సు కదిలింది. బొంత కింద నుంచి పిల్ల చిన్న పాదం ఒకటి బయటికి వచ్చింది. తల్లి దాన్ని లోపలికి నెట్టి, అంచు గట్టిగా దోపింది.